ఆట ఆగిన కాలపు వాదాలు

అమెరికనులు ఫుట్‌బాల్ అని పిలుచుకొనే ఆటకూ, మనం ఆ పేరుతో ఎరిగిన ఆటకూ పోలిక చాలా తక్కువ. మన ఆటలో బంతిని చేతితో తాకడం తప్పు. వారి ఆటలో కాలితో తన్నడమే అరుదు. కోడిగ్రుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకన పెట్టుకొని ఎదుటి పక్షాన్ని చీల్చుకొని పరుగెత్తడం, లేదా దూరాన ఉన్న తనవానికి గాలిలో విసరడం, అతడు దానిని అందుకోవడం, స్థూలంగా ఇంతే ఆ ఆట. సెప్టెంబరులో మొదలై ఫిబ్రవరిలో ముగుస్తుంది. తరువాత ఏడు మాసాలు మైదానాలలో గడ్డి పెరగడం తప్ప మరేమీ జరగదు.

అభిమానులు కూడా ఆ ఏడు మాసాలు విశ్రమిస్తారని మనం అనుకుంటాము. అది పొరపాటు. ఆట జరిగే రోజులలో ఆట తన తీర్పు తాను చెప్పేస్తుంది. వాదించడానికి మిగిలేది స్వల్పం. ఆట లేని రోజులలో తీర్పు చెప్పేవారెవరూ లేరు. కళాశాల చదువు ముగించుకొని వస్తున్న యువకులలో ఎవరు గొప్పవాడు, ఎవరిని మన జట్టు తీసుకోవాలి, ఎవరిని వదలిపెట్టాలి అన్న చర్చ క్షురకశాలలలోను, పానశాలలలోను, రేడియోలోను ఏప్రిల్ మాసం దాకా సాగుతూనే ఉంటుంది. వృత్తి జట్లు కళాశాలల ఆటగాళ్ళను వరుసక్రమంలో పంచుకొనే ఆ ఏప్రిల్ సమావేశానికి డ్రాఫ్టు అని పేరు. ఈ చర్చలలో అన్నిటికంటె వేడిగా సాగేది రిసీవర్లను గురించి. రిసీవరు అంటే విసిరిన బంతిని అందుకొనేవాడు.

ఈ వాదాలు పైకి వినోదంగా కనిపించినా, వాటి వెనుక తొంభై ఏండ్ల చరిత్ర ఉన్నది. ఇరవై ఏండ్ల యువకుడు తాను ఎక్కడ పనిచేయాలో తానే నిర్ణయించుకొనే హక్కు ఉన్నదా లేదా అన్న ప్రశ్న అందులో ఉన్నది. మనిషి యోగ్యతను ముందుగా కొలవడం సాధ్యమా అన్న ప్రశ్న కూడా ఉన్నది.

ముందు రిసీవరు ఎక్కడ నిలబడతాడో తెలిస్తే తక్కిన వాదమంతా సులభంగా బోధపడుతుంది. పక్షానికి పదకొండుగురు. బంతి కదలక ముందు వారిలో కనీసం ఏడుగురు ఒక గీతమీద వరుసగా నిలబడాలి. ఆ వరుసలో రెండు చివరల ఉన్నవారికీ, వరుసకు వెనుక ఉన్నవారికీ మాత్రమే విసిరిన బంతిని అందుకొనే అర్హత. వరుస చివర, తక్కినవారికి దూరంగా గీతమీదనే నిలబడేవాడు ఒక రకం రిసీవరు. అతనికి ఎదురుగా ముక్కుకు ముక్కు తగిలేటంత దగ్గరలో కాపలావాడు నిలబడి మొదటి అడుగులోనే త్రోసివేయవచ్చు. కాబట్టి బలమూ, పొడవైన చేతులూ ఉన్నవాడు కావాలి. రెండవ రకంవాడు గీతకు ఒక అడుగు వెనుక నిలబడతాడు. బంతి కదలక ముందే ప్రక్కకు నడవడానికి అతనికి వీలున్నది. కాపలావాని చేతికి అంత తేలికగా చిక్కడు. మూడవవాడు లోపలివైపు, బంతికి దగ్గరగా, జన సమ్మర్దంలో తిరిగేవాడు. పొట్టివాడైనా చురుకైనవాడైతే చాలును. ఒక కుర్రవాడు ఈ మూడింటిలో దేనికి పనికివస్తాడన్నది అభిమానుల నిత్య వివాదం. “పరుగు ఉన్నది గాని గీతమీద నిలబడి దెబ్బ కాచుకోలేడు” అని ఒకరంటే, “ఒక అడుగు వెనుక నిలబెట్టండి, అప్పుడు చూడండి” అని మరొకరంటారు. ఎడ్ల సంతలో దాపటి ఎద్దు, వెలపటి ఎద్దు అన్న భేదం తెలిసిన మన రైతులకు ఈ సంభాషణ కొత్తగా తోచదు.

బంతిని ముందుకు విసరడమనేది మొదట ఆ ఆటలో నిషిద్ధం. 1905లో ఆటలో తగిలిన దెబ్బలవల్ల 18 మంది మరణించినారని ఒక పత్రిక లెక్క తేల్చింది. అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ పెద్ద విశ్వవిద్యాలయాల వారిని పిలిపించి మాట్లాడినాడు. గుంపుగా మీదపడి త్రొక్కుకొనే ఆటను కొంత విశాలం చేయాలని 1906లో విసురుకు అనుమతి ఇచ్చారు. ఆ సంవత్సరం సెప్టెంబరు 5న సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయం తరపున బ్రాడ్బరీ రాబిన్సన్ విసిరిన బంతిని జాక్ ష్నైడర్ అందుకొన్నాడు. రిసీవర్ల వంశవృక్షానికి మూలపురుషుడు ఆ ష్నైడరే. అయినా తరువాత ముప్పది ఏండ్లు విసురు ఒక చమత్కారంగా మాత్రమే మిగిలింది.

దానిని ఒక విద్యగా మార్చినవాడు డాన్ హట్సన్. అలబామా విశ్వవిద్యాలయపు విద్యార్థి; సన్ననివాడు. 1935లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని గ్రీన్ బే అనే చిన్న పట్టణపు జట్టు పాకర్స్‌తోను, బ్రూక్లిన్ జట్టుతోను, రెండింటితోను ఒప్పందం చేసుకొన్నాడు. రెండు పత్రాలూ లీగు అధ్యక్షుడు జో కార్ బల్లమీదికి వచ్చాయి. ఏ కవరుమీద తపాలా ముద్ర ముందు పడిందో చూసి ఆయన గ్రీన్ బేకు తీర్పు చెప్పినాడనీ, తేడా 17 నిమిషాలేననీ అక్కడివారు చెప్పుకుంటారు. ఆ సెప్టెంబరులో షికాగో జట్టుమీద హట్సన్ 83 గజాల విసురును అందుకొని గీత దాటాడు. పదకొండు సంవత్సరాలు ఆడి, విసురును అందుకొని 99 సార్లు గమ్యం చేరాడు. ఆ సంఖ్యను మరొకడు దాటడానికి 1989 దాకా ఆగవలసి వచ్చింది.

హట్సన్ కథలో గమనించవలసినది మరొకటి ఉన్నది. తాను ఎక్కడ ఆడాలో ఎంచుకొన్నది అతడే. అట్లా ఎంచుకోగలిగిన చివరి తరంవాడు అతడు. అదే 1935 మే మాసంలో పిట్స్‌బర్గులో జట్ల యజమానులు సమావేశమైనప్పుడు ఫిలడెల్ఫియా యజమాని బర్ట్ బెల్ ఒక ప్రతిపాదన తెచ్చాడు. ఆయనది సంపన్న కుటుంబమే గాని జట్టు మాత్రం అప్పుల పుట్ట. మినసోటాకు చెందిన స్టాన్ కోస్ట్కా అనే ఆటగానికోసం బ్రూక్లిన్‌తో పోటీపడి ఓడిపోయినాడు. డబ్బున్న నాలుగు జట్లు మంచివారినందరినీ కొనుక్కుంటే తక్కినవి దివాలా తీస్తాయనీ, కాబట్టి పట్టికలో అట్టడుగున ఉన్న జట్టు ముందుగా ఎంచుకోవాలనీ, విజేత చిట్టచివర ఎంచుకోవాలనీ బెల్ వాదన. బలమైన జట్ల యజమానులు కూడా దీనికి ఒప్పుకోవడమే విశేషం. అందులో ఔదార్యం ఎంత ఉన్నదో, ఆటగాళ్ళ జీతాలు పెరగకుండా ఆపే ఉపాయం అంతే ఉన్నది. ఎంచుకొన్న ఒక్క జట్టుతో తప్ప మరెవరితోను బేరమాడే వీలు కుర్రవానికి లేకుండా పోయింది.

మొదటి డ్రాఫ్టు 1936 ఫిబ్రవరి 8న ఫిలడెల్ఫియాలో ఒక హోటలు గదిలో జరిగింది. గోడమీది పలకపై 90 పేర్లు. అందులోనుంచి తొమ్మిది జట్లూ 81 మందిని ఎంచుకొన్నాయి. విలేఖరుల హడావుడి లేదు, ప్రేక్షకులు లేరు. అందరికంటె ముందు ఎంపికైన షికాగో విశ్వవిద్యాలయపు జే బెర్వాంగర్ అడిగిన జీతం ఎవరూ ఇవ్వలేదు. అతడు వృత్తి ఆటగాడు కానేలేదు. తరువాత రబ్బరు వ్యాపారంలో స్థిరపడ్డాడు. ఎంపికైనవారిలో సగం మంది కూడా ఆ సంవత్సరం ఆటలో చేరలేదు. అలబామాలో హట్సన్‌కు అవతలి చివర ఆడిన పాల్ బ్రయంట్‌ను బ్రూక్లిన్ నాలుగవ విడతలో ఎంచుకొన్నది. అతడూ వెళ్ళలేదు. శిక్షకుడై, అలబామా విశ్వవిద్యాలయానికి ఆరాధ్య దైవమయ్యాడు.

ఆనాటి యజమానులకు ఆటగాళ్ళ సమాచారం దొరికేది పత్రికలలోనుంచే. న్యూయార్క్ జట్టు యజమాని కుమారుడు వెల్లింగ్టన్ మారా దేశంలోని పత్రికలన్నీ తెప్పించి కత్తిరింపులు పోగుచేసేవాడు. అంటే ఈనాటి అభిమాని ఇంటివద్ద కూర్చొని చేసే పని ఆనాడు జట్టు కార్యాలయంలో జరిగింది. ఇద్దరికీ తెలిసినది ఒకటే. తేడా ఒకరికి ఎంచుకొనే అధికారం ఉండడం. తరువాతి రోజులలో జట్లకు వేగులవారు ఏర్పడ్డారు, చలనచిత్రాలు వచ్చాయి, వైద్య పరీక్షలు వచ్చాయి. అయినా అభిమాని మనసులో “వారికంటె నాకు తక్కువ తెలుసునా?” అన్న భావం పోలేదు. అది పూర్తిగా నిరాధారమని చెప్పడానికి చరిత్ర ఒప్పుకోదు. 1954లో బాల్టిమోర్ జట్టు ఇరవయ్యవ విడతలో ఎవరూ పట్టించుకోని దశలో రేమండ్ బెర్రీ అనే రిసీవరును ఎంచుకొన్నది. చూపు మందం, పరుగు సామాన్యం. కాని అభ్యాసం ముగిసి అందరూ వెళ్ళిన తరువాత జానీ యునైటస్ బంతులు విసురుతూ ఉంటే, అడుగులు లెక్కపెట్టుకుంటూ ఒక్కొక్క మలుపునూ వందల సార్లు సాధన చేసేవాడు. 1958 చివరి పోటీలో 12 విసురులు అందుకొని 178 గజాలు సాధించాడు. ఆట విరమించేనాటికి 631 విసురులు అందుకొన్నాడు. అప్పటికి అంతమందిలోను అదే అగ్రసంఖ్య.

మొదటి పలకమీద ఆ 90 పేర్లలో లేనివారి సంగతి చెప్పకపోతే ఈ చరిత్ర అసంపూర్ణం. 1934 నుంచి 1945 దాకా ఆ లీగులో ఒక్క నీగ్రో జాతీయుడు, ఈనాటి మాటలో నల్లజాతివాడు, ఆడలేదు. లిఖిత నిబంధన ఏదీ లేదు. మౌనంగా సాగిన ఒప్పందమే. డ్రాఫ్టులో ఒక నల్లజాతి యువకుని పేరు పిలవడం మొదలుకావడానికి 1949 దాకా పట్టింది. ఆ యువకుడు ఇండియానాకు చెందిన జార్జి టాలియఫెరో, అదీ పదమూడవ విడతలో. నల్లజాతివారి కళాశాలలలో గొప్ప రిసీవర్లు ఉన్నారని వారి పత్రికల పాఠకులందరికీ తెలుసును. పిట్స్‌బర్గు కొరియర్ అనే పత్రికకు క్రీడా సంపాదకుడైన బిల్ నన్ ఏటేటా ఆ కళాశాలల ఉత్తమ జట్టు పేర్లు ప్రకటించేవాడు. వృత్తి జట్లవారెవరూ తన సలహా అడగలేదని ఆయనకు బాధగా ఉండేది. చివరకు స్టీలర్స్ జట్టువారు 1960ల చివర ఆయనను పిలిచి పనిలో పెట్టుకొన్నారు.

ఆ పిలుపు ఫలితం 1974లో కనిపించింది. అలబామా ఎ అండ్ ఎం కళాశాలలో జాన్ స్టాల్వర్త్ అనే రిసీవరు ఉన్నాడు. వివిధ జట్ల వేగులవారందరూ వచ్చి గడియారాలు పట్టుకొని పరుగెత్తించారు. ముందు వాన కురిసి నేల తడిగా ఉన్నది. కాలం బాగా రాలేదు. అందరూ పెదవి విరిచి వెళ్ళిపోయారు. నన్ మాత్రం ఒంట్లో నలతగా ఉన్నదని చెప్పి ఆగిపోయి, మరునాడు పొడినేల మీద మళ్ళీ పరుగెత్తించి చూసినాడని ప్రసిద్ధి. ఆ డ్రాఫ్టులో స్టీలర్స్ మొదటి విడతలో లిన్ స్వాన్ అనే రిసీవరునూ, నాలుగవ విడతలో స్టాల్వర్త్‌నూ తీసుకొన్నారు. ఇద్దరూ తరువాత కీర్తిమందిరంలో చేరారు. నన్‌కు ఆ గౌరవం 2021లో, మరణానంతరం దక్కింది.

మనవారికి ఆసక్తి కలిగించే ఘట్టం దీనికి పది పన్నెండేండ్ల ముందరిది. డల్లస్‌లో కౌబాయ్స్ అనే కొత్త జట్టు 1960లో ఏర్పడింది. దాని నిర్వాహకుడు టెక్స్ ష్రామ్ వేగులవారి నివేదికలు చదివి విసుగెత్తినవాడు. ఒకడు “మంచివాడు” అని వ్రాస్తాడు. మరొకడు “చాలా మంచివాడు” అని వ్రాస్తాడు. ఈ మాటకూ ఆ మాటకూ తూనిక ఏది? కంప్యూటరు యంత్రం ఈ చిక్కు తీరుస్తుందేమోనని ఐ.బి.ఎం. వారి అనుబంధ సంస్థను అడిగినాడు. ఆ సంస్థ ఈ పని అప్పగించినది సలాం ఖురేషీ అనే భారతీయునికి. అలీగఢ్‌లో సంఖ్యాశాస్త్రం చదివినవాడు. అమెరికా ఫుట్‌బాల్ గురించి ఏమీ తెలియనివాడు. తెలియకపోవడమే ఇక్కడ మేలు చేసింది. ఆటగానిలో ఏమేమి చూస్తారని శిక్షకులను అడిగితే వందలకొద్దీ లక్షణాలు చెప్పినారు. ఆనాటి యంత్రం అన్నిటిని మోయలేదు. ఖురేషీ వాటిని వడగట్టి ఐదింటికి తెచ్చాడు: శీలం, చురుకుదనంతో కూడిన శరీర నియంత్రణ, పోటీ పట్టుదల, బుద్ధి జాగరూకత, బలం. వేగులవాడు సొంత మాటలలో వ్యాసం వ్రాయనక్కరలేదు. ముందే సిద్ధం చేసిన వాక్యాలకు ఒకటి నుంచి తొమ్మిది వరకు అంకె వేస్తే చాలు. ఏ వేగు ఉదారుడో, ఏ వేగు పిసినారో కూడా లెక్కలో తేలిపోతుంది.

1963 డిసెంబరులో జరిగిన డ్రాఫ్టులో ఈ జట్టువారు ఏడవ విడతలో బాబ్ హేస్ పేరు పిలిచారు. అతనికి ఇంకా కళాశాల చదువు పూర్తికాలేదు. వచ్చే సంవత్సరం టోకియో ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పరుగులో 10.0 సెకన్లతో బంగారు పతకం గెలుచుకొన్నాడు. ఆ తరువాత 1965లో రిసీవరుగా దిగి, మొదటి ఏడే 1,003 గజాలు సాధించాడు. ఒక మనిషికి ఒక మనిషి కాపలా అన్న పాత పద్ధతి అతని ముందు నిలవలేదు. మనిషిని గాక స్థలాన్ని కాపలా కాసే పద్ధతి వ్యాపించడానికి హేస్ వేగం ముఖ్యకారణమని ఆట చరిత్రకారులు చెబుతారు. అలీగఢ్ పట్టభద్రుడు రూపొందించిన పట్టికలకూ, టోకియో వీరునికీ డల్లస్‌లో ఒకే కప్పు దొరకడం చరిత్ర చేసే చిత్రాలలో ఒకటి.

ఆ దశాబ్దంలోనే రెండవ లీగు ఒకటి పుట్టి, రెండు లీగులూ ఒకే కుర్రవానికోసం పోటీపడ్డాయి. 1964లో డల్లస్‌వారు ఓటిస్ టేలర్ అనే రిసీవరును ఆతిథ్యం పేరుతో ఊరికి దగ్గర ఒక విడిదిలో ఉంచి కాపలా పెట్టారు. ప్రత్యర్థి జట్టు కాన్సస్ సిటీ తరపున లాయిడ్ వెల్స్ పత్రికా విలేఖరినని చెప్పి లోపలికి వెళ్ళి, రాత్రి అతనిని కిటికీ గుండా తప్పించి తీసుకుపోయినాడు. ఇది వింటే నవ్వు వస్తుంది. కాని ఆ ఏండ్లు ఆటగానికి ఇష్టానుసారం బేరమాడే అవకాశం దొరికిన కాలం. 1967 నుంచి రెండు లీగులూ కలిసి ఒకే డ్రాఫ్టు జరుపుకొన్నాయి, కిటికీ మూసుకొన్నది. 1968లో వాషింగ్టన్ జట్టు ఎంచుకొన్న యాజూ స్మిత్ అనే ఆటగాడు మొదటి ఏడే మెడకు దెబ్బ తగిలి ఆటకు దూరమయ్యాడు. స్వేచ్ఛగా బేరమాడి ఉంటే తనకు రక్షణ దొరికేదని న్యాయస్థానానికెక్కాడు. డ్రాఫ్టు చట్టవిరుద్ధమని 1976లో న్యాయమూర్తి విలియం బ్రయంట్ తీర్పు చెప్పినాడు. మరుసటి ఏడు ఆటగాళ్ళ సంఘం యజమానులతో ఒప్పందం చేసుకొని, విడతలను 17 నుంచి 12కు తగ్గించుకొని, తానే దానికి సమ్మతి తెలిపింది. ఇప్పుడున్నది ఏడు విడతలు. అభిమానుల చర్చలలో యాజూ స్మిత్ పేరు దాదాపు వినబడదు.

1978లో నిబంధనలు మారి, గీతనుంచి ఐదు గజాలు దాటిన తరువాత రిసీవరును కాపలావాడు తాకరాదన్నారు. అప్పటినుంచి విసురు ఆటకు ప్రాణమైంది. రిసీవర్ల వెల పెరిగింది. 1984లో అందరికంటె ముందు పిలిచిన పేరు ఇర్వింగ్ ఫ్రయర్ అనే రిసీవరుది.

అభిమానులకు ఈ సభలో చోటు దొరకడం వేరే కథ. న్యూయార్క్ హోటళ్ళలో డ్రాఫ్టు జరిగే రోజులలో గదికి పైన గ్యాలరీలో కొందరు వచ్చి కూర్చొనేవారు. 1980 ఏప్రిల్ 29న, మంగళవారం, ఒక కొత్త టెలివిజన్ సంస్థ దానిని ప్రసారం చేసింది. పేర్లు చదవడం ఎవరు చూస్తారని లీగు అధిపతి పీట్ రోజెల్ సందేహించాడు. చూశారు. ఈ చర్చకు పండితులు పుట్టారు. వారిలో జోయెల్ బుక్స్‌బామ్ విలక్షణుడు. బ్రూక్లిన్‌లో ఒక చిన్న వాటాలో ఉంటూ, చలనచిత్రాలు చూస్తూ, టెలిఫోనులో వేగులవారితో మాట్లాడుతూ, ఒక వారపత్రికకు వందలాది ఆటగాళ్ళ గుణదోషాలు వ్రాసేవాడు. హ్యూస్టన్, సెయింట్ లూయిస్ రేడియో శ్రోతలు అతని కీచుగొంతుకోసం ఎదురుచూసేవారు. ఏ కళాశాలలో ఏ కుర్రవాణ్ణి గురించి అడిగినా కాగితం చూడకుండా చెప్పేవాడు. 2002 చివర అతడు మరణించినప్పుడు అంత్యక్రియలకు వచ్చినవారిలో బిల్ బెలిచిక్ ఉన్నాడు. అంతటి శిక్షకుడు ఒక అభిమాని అంత్యక్రియలకు వెళ్ళడం నాకు ఈ మొత్తం చరిత్రలో ఎంతో నచ్చిన విషయం.

రేడియో చేసిన మరొక పని అంత గౌరవప్రదమైనది కాదు. 1999లో ఫిలడెల్ఫియా రేడియో కేంద్రం ఒకటి సుమారు ముప్పదిమంది అభిమానులను బస్సులో న్యూయార్క్ తీసుకువెళ్ళింది. వారు కోరినది రికీ విలియమ్స్‌ను. జట్టు ఎంచుకొన్నది డానవన్ మక్నాబ్‌ను. ఆ యువకుడు జీవితంలో అతిముఖ్యమైన క్షణంలో వేదిక ఎక్కుతూ ఉంటే వారు ఎగతాళిగా కేకలు వేశారు. అతడే తరువాత ఆ ఊరి జట్టును చివరి పోటీ దాకా నడిపించాడు. వృత్తిరీత్యా మైక్రోఫోను ముందు కూర్చొనే నేను ఆ బస్సు సంగతి గర్వంగా చెప్పలేను.

అయితే జట్ల నిపుణులైనా ఎంత సరిగా ఎంచుతున్నారు? 1985లో జెర్రీ రైస్ అనే రిసీవరు వచ్చాడు. తాపీపనివాని కుమారుడు, తండ్రికి ఇటుకలు అందిస్తూ, విసిరిన ఇటుకను పట్టుకోవడం నేర్చినవాడు. మిసిసిపీలో ఒక చిన్న నల్లజాతి కళాశాలలో చదివినాడు. పరుగు చాలదని పలువురన్నారు. అతనికంటె ముందు ఇద్దరు రిసీవర్లు ఎంపికయ్యారు. పదహారవవాడుగా శాన్ ఫ్రాన్సిస్కోవారు తీసుకొన్నారు. అతడు ఆట ముగించేటప్పటికి 1,549 విసురులు, 22,895 గజాలు. ఈ రెండు సంఖ్యలను ఇప్పటికీ ఎవరూ దాటలేదు. 2020లో ఫిలడెల్ఫియా ఇరవైయొకటవ పిలుపులో జేలన్ రేగర్ అనే రిసీవరును ఎంచుకొన్నది. ఇరవైరెండవ పిలుపులో మినసోటాకు జస్టిన్ జెఫర్సన్ దక్కాడు. జెఫర్సన్ మొదటి ఏడే 1,400 గజాలు సాధించాడు. ఆ ఊళ్ళో ఈ మాట ఎత్తితే ఈనాటికీ భోజనం చెడుతుంది. 2023లో ఐదవ విడతలో 177వ వాడుగా వచ్చిన పూకా నకూవా మొదటి ఏడే 105 విసురులు, 1,486 గజాలతో, ఆ రెండింటిలోను కొత్తవారి పాత రికార్డులు చెరిపివేశాడు. కేడ్ మాసీ, తరువాత నోబెల్ బహుమానం పొందిన రిచర్డ్ థేలర్ అనే ఆర్థికశాస్త్రజ్ఞులు పాత డ్రాఫ్టులన్నీ తిరగవేసి ఒక లెక్క తేల్చినారు. ఒకే స్థానానికి ముందు ఎంపికైనవాడు, తరువాతివానికంటె మెరుగుగా రాణించే అవకాశం నూటికి 52 పాళ్ళు మాత్రమే. నాణెం ఎగరవేస్తే 50.

ఈ 52 పాళ్ళ మాట గుర్తుంచుకొని డెట్రాయిట్ కథ వినాలి. ఆ ఊరి లయన్స్ జట్టు 2003లో రెండవ పిలుపులో చార్లెస్ రోజర్స్ అనే రిసీవరును తీసుకొన్నది. అదే మిషిగన్ రాష్ట్రపు బిడ్డ, జనం సంతోషించారు. మూడవ పిలుపులో హ్యూస్టన్ ఆండ్రే జాన్సన్‌ను తీసుకొన్నది. రోజర్స్‌కు వరుసగా రెండేండ్లు భుజం దగ్గరి ఎముక విరిగింది. నొప్పి మందులకు అలవాటుపడ్డాడు. మూడేండ్లకు పదిహేను ఆటలు మాత్రమే ఆడి నిష్క్రమించాడు. జాన్సన్ 2024లో కీర్తిమందిరం చేరాడు. రోజర్స్ తరువాత ఆ జట్టు 2004లో మొదటి విడతలో ఒక రిసీవరును, 2005లో మరొకరిని తీసుకొన్నది. డెట్రాయిట్ అభిమానులు ఓర్చుకోలేక 2005 డిసెంబరులో నిర్వాహకుడు మాట్ మిలెన్‌ను తొలగించాలని ఊరేగింపు తీశారు. మళ్ళీ 2007లో కూడా రిసీవరే. కాని ఈసారి కాల్విన్ జాన్సన్, ఆ తరంలో అగ్రగణ్యుడు. ఒకే నిర్వాహకుడు, ఒకే మొండిపట్టు. ఒకసారి నవ్వులపాలు, ఒకసారి అదృష్టం. అభిమానుల పరిభాషలో రోజర్స్ వంటివానికి “పేలిపోయినవాడు” అనే అర్థం వచ్చే మాట ఒకటి ఉన్నది. ప్రతి వసంతంలోను పాత జాబితాలు తీసి అతని పేరు చదువుతారు. రోజర్స్ 2019 నవంబరులో, 38వ ఏట మరణించాడు. ఎముక విరగడం ఏ వేగులవాని అంకెలలోను కనబడదు, దానికి ఎవరూ తొమ్మిదికి ఎంత అని వేయలేరు. జాబితా చదివేవారు ఆ మాట వాడడం మానలేదు.

హట్సన్ ఊరు గ్రీన్ బేలో వాదం దీనికి సరిగ్గా వ్యతిరేకం. లక్షకు కొంచెం పైబడిన జనాభా గల ఆ పట్టణంలో జట్టుకు యజమాని లేడు; ఐదు లక్షలకు పైగా వాటాదారులున్నారు. వాటాకు లాభం పంచరు, అమ్ముకొనే వీలు లేదు. కాబట్టి వాదించడమే వారికి దక్కే లాభమని చెప్పవచ్చు. 2002 తరువాత చాలా ఏండ్లు పాకర్స్ మొదటి విడతలో ఒక్క రిసీవరునైనా తీసుకోలేదు. జట్టులో గొప్ప విసురరి ఆరన్ రాజర్స్ ఉండగా అతనికి మంచి చేతులు ఇవ్వరేమని ఒక వర్గం. రెండవ విడతలోనే జెనింగ్స్‌ను, నెల్సన్‌ను, కాబ్‌ను, ఆడమ్స్‌ను తెచ్చుకొన్నాం గదా, ఇక మొదటి విడత వృథా చేయడమెందుకని రెండవ వర్గం. రెండవ వర్గంవారి లెక్క గట్టిది. మొదటి వర్గంవారి కోరిక గట్టిది. 2020లో ముందుకు జరిగి మరీ ఎంచుకొన్నది రిసీవరును కాదు, రాజర్స్‌కు వారసుడుగా జోర్డన్ లవ్‌ను. ఆ రాత్రి విస్కాన్సిన్‌లో నిద్రపోయినవారు తక్కువ.

2025 ఏప్రిల్ 24న డ్రాఫ్టు సభ గ్రీన్ బేకే వచ్చింది. మూడు రోజులలో ఆరు లక్షల మంది వచ్చినట్లు లెక్క. ఊరి జనాభాకు ఐదారు రెట్లు. పదవీ విరమణ చేయబోతున్న జట్టు అధ్యక్షుడు మార్క్ మర్ఫీ 23వ పిలుపుకు వేదిక ఎక్కి, టెక్సస్ విశ్వవిద్యాలయపు మాథ్యూ గోల్డెన్ పేరు చదివినాడు. రిసీవరు. స్టేడియం ముందు మైదానంలో లేచిన కేకలకు ఆయన తక్కిన మాటలు వినబడలేదు. ఆ రాత్రే, జనం ఇండ్లకు చేరకముందే, గోల్డెన్‌ను గీతమీద నిలబెట్టాలా, ఒక అడుగు వెనుక నిలబెట్టాలా అన్న వాదం మొదలైంది.